సికింద్రాబాద్‌లో రాత్రి మజిలీ

ఎల్లారెడ్డికి రైలు లేదు. ఆ ఊరి మనిషి తిరుపతి నుంచో, విజయవాడ నుంచో, ఢిల్లీ నుంచో వస్తూ రాత్రి పదకొండు దాటాక సికింద్రాబాద్‌లో దిగితే ఇంటికి ఇంకా రెండు ప్రయాణాలు మిగులుతాయి. మొదటిది కామారెడ్డి దాకా, సుమారు 110 కిలోమీటర్లు. రెండోది కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి రోడ్డు మీద, సుమారు 40 కిలోమీటర్లు. మొదటిది పెద్ద కష్టం కాదు. స్టేషన్‌కు దగ్గర్లోని జూబ్లీ బస్ స్టేషన్ నుంచి నిజామాబాద్ బస్సులు రాత్రి బాగా పొద్దుపోయేదాకా నడుస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండున్నర గంటల్లో కామారెడ్డి వస్తుంది. చిక్కంతా రెండోదానితోనే. పగలైతే నర్సాపూర్, మెదక్ మీదుగా వచ్చే 765డి రహదారి కూడా ఉంది. రాత్రి రెండింటికి పిల్లలతో, మూటలతో కామారెడ్డి బస్టాండులో దిగినవాళ్లకు మాత్రం తెల్లవారుజాము దాకా కాచుకోవడం తప్ప పని ఉండదు.

ఎలాగూ కాచుకోవాల్సిందే అయినప్పుడు దీపాలు, జనం, చాయ్, నీళ్లు, పోలీసులు ఉన్న చోట కాచుకోవడం మేలు. అందుకే ఆ తోవ ఎరిగినవాళ్లు సికింద్రాబాద్‌లోనే ఆగిపోతారు. స్టేషన్‌లో తెల్లవార్లూ గడపడం దిక్కులేనివాళ్ల పని అని పట్నంలో ఒక అభిప్రాయం ఉంది. అది తప్పు. బస్సు వేళలు, రైలు వేళలు, పిల్లల నిద్ర, జేబులో డబ్బు అన్నీ కూడి తీసి చేసుకున్న ఏర్పాటు అది.

ఈ మజిలీ నిన్న మొన్న పుట్టింది కాదు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన నిజాం రైలు బ్రాడ్‌గేజ్ మీద నడిచింది. అంటే పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. పాతికేళ్ల తర్వాత, 1899–1901 నడుమ, హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే పేరుతో కామారెడ్డి, నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా వేసిన లైను మాత్రం మీటర్‌గేజ్, వెయ్యి మిల్లీమీటర్లే. ఒక గేజ్ బండి రెండో గేజ్ మీద నడవదు. కామారెడ్డి నుంచి బెజవాడకో, మద్రాసుకో పోవాలంటే సికింద్రాబాద్‌లో సామాను దించుకుని, ఇంకో బండి వచ్చేదాకా ఎదురుచూసి ఎక్కాల్సిందే. తొంభై ఏళ్లకు పైగా ఇదే తంతు. ఇందూరు (నిజామాబాద్) జిల్లా బెల్లం బస్తా అయినా, బడిపంతులు ట్రంకుపెట్టె అయినా ఈ మార్పిడి తప్పేది కాదు. అప్పట్లో మజిలీకి కారణం పట్టాలే కాబట్టి దాన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. వెయిటింగ్ హాళ్లు పనికొచ్చిందీ అందుకే.

దేశమంతా ఒకే గేజ్ ఉండాలన్న యూనిగేజ్ పథకం 1992లో మొదలైంది. ఈ లైను కూడా క్రమంగా బ్రాడ్‌గేజ్ అయింది. ఇప్పుడు తిరుపతి నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్, రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నేరుగా కామారెడ్డి మీదుగా పోతాయి. అజంతా మన్మాడ్‌కు, దేవగిరి ముంబైకి పోతాయి. అయితే గేజ్ కలిసినా దారి వెడల్పు కాలేదు. మేడ్చల్ దాటాక ముద్‌ఖేడ్ దాకా చాలాచోట్ల ఒంటి లైనే ఆధారం. ఎదురు బండికి దారి ఇవ్వడానికి మీర్జాపల్లి, అక్కన్నపేట వంటి చిన్న స్టేషన్లలో ఆగే సమయమంతా టైం టేబుల్‌లో కలిసిపోయి ఉంటుంది. రోజుకు ఎన్ని బండ్లు నడపవచ్చన్నదానికి అదే హద్దు. మేడ్చల్–ముద్‌ఖేడ్ రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2023 ఆగస్టులో. లైను వేసి ఇరవయ్యో శతాబ్దం మొత్తం గడిచాక!

ఆ ఒంటి లైను ఎంత సున్నితమో 2025 ఆగస్టు చివర్లో తెలిసింది. కామారెడ్డి జిల్లాలో కనీసం ఒకచోట ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. భిక్నూర్–తలమడ్ల మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. రైళ్లు కొన్ని రద్దయ్యాయి, కొన్నిటిని దారి మళ్లించారు. జాతీయ రహదారి కూడా నీళ్లలో చిక్కుకుంది. రైలూ రోడ్డూ ఒకేసారి మూతపడితే కామారెడ్డి వైపు ప్రయాణికుడికి స్టేషన్ తప్ప మరో చోటు ఉండదు.

రాత్రిపూట స్టేషన్‌లో ఉండే హక్కు ఎవరికి, ఎంతసేపు అన్నది కాగితం మీద చూస్తే కొంచెం తికమకగా ఉంటుంది. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, చెల్లుబాటు రెండు గంటలు. 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొన్న మూడు గంటల్లోగా ప్రయాణం మొదలుపెట్టాలి. ఆ లోపు బండి లేకపోతే, ఆ ఊరికి పోయే మొదటి బండి బయలుదేరేదాకా టికెట్ చెల్లుతుంది. కాబట్టి తెల్లవారి బండికి కామారెడ్డి టికెట్ రాత్రే కొని పెట్టుకునే మనిషి, మధ్యలో ఇంకో బండి ఏదీ లేదని చూసుకోవాలి. 500 కిలోమీటర్లు మించిన టికెట్ మీద అంత దూరం ప్రయాణించాక ఒకసారి రెండు రోజుల దాకా దారిలో ఆగవచ్చన్న నిబంధన కూడా ఉంది. టికెట్ మీద స్టేషన్ సిబ్బంది చేత రాయించుకోవాలి. తిరుపతి నుంచి వచ్చేవాళ్లకు పనికొచ్చేదే గానీ, ఇది తెలిసినవాళ్లు అరుదు. రిటైరింగ్ రూము కావాలంటే సాధారణంగా కన్ఫర్మ్ అయిన టికెట్టో, ఆర్‌ఏసీ టికెట్టో చూపాలి. బుకింగ్ పీఎన్ఆర్ నంబరు మీద జరుగుతుంది. జనరల్ బోగీలో వచ్చినవాళ్లకు ఆ నంబరే ఉండదు.

అన్నిటికంటే విచిత్రమైనది ఎల్లారెడ్డి మనిషి పరిస్థితి. సికింద్రాబాద్ దాకా టికెట్ తీసుకుని దిగాడు, పొద్దున ఎక్కేది బస్సు. రైల్వే దృష్టిలో ఆయన ప్రయాణం ముగిసింది. ఇంటి దృష్టిలో ఇంకా సగంలో ఉన్నాడు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో ఉండిపోయినవాడికి 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కాపలా సిబ్బంది సాధారణంగా అంత దూరం పోరు, ఆధార్ కార్డో దిగిన టికెట్టో చూసి వదిలేస్తారు. కాబట్టి ఆ కుటుంబం తెల్లవారేదాకా అక్కడ ఉండడం చట్టం వల్ల కాదు, ఎదుటివాళ్ల మంచితనం వల్ల.

పన్నెండు దాటాక స్టేషన్‌లో నేల పంపకం మొదలవుతుంది. గోడవార జాగా ముందు పోతుంది, తర్వాత స్తంభాల చుట్టూ, ఆ తర్వాత ఛార్జింగ్ పాయింట్ల కింద. తిరుపతి గుండ్లు ఒక గుంపు, ఆర్మీ భర్తీకి వచ్చిన కుర్రాళ్లు ఇంకో గుంపు. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఆడవాళ్లను గుర్తుపట్టడం తేలిక: చద్దరు పరచడానికి ముందే సంచి పట్టీని కొంగుకు ముడివేస్తారు. బీడీలు చుట్టే చేతులు కాబట్టి ఆ ముడి కళ్లు మూసుకుని వేసినా గట్టిగానే పడుతుంది. గల్ఫ్‌కు పోయే మగవాళ్లు మాత్రం నిద్రపోరు. పాస్‌పోర్టు చొక్కా లోపలి జేబులో ఉందో లేదో పదేపదే తడుముకుంటూ, శంషాబాద్ విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు వేళ కనుక్కుంటూ గడుపుతారు. ఎదురుగా ఆల్ఫా హోటల్ వైపు నుంచి చాయ్ తాగివచ్చేవాళ్లతో రాకపోకలు ఎప్పటికీ ఆగవు.

ఆ రాత్రిలో నిలబడి చూడదగినవి పారిశుద్ధ్య కార్మికురాలి చేతులు. మూడు దాటాక ఆమె వైపర్ పట్టుకుని వస్తుంది. నేలంతా మనుషులే, తడి పెట్టాల్సింది ఆ నేలకే. ఎవరినీ పేరుపెట్టి లేపదు. వైపర్ కర్రతో నేల మీద రెండు దెబ్బలు కొడుతుంది. పడుకున్నవాళ్లు కళ్లు తెరవకుండానే కాళ్లు ముడుచుకుంటారు. ఆ ఖాళీలో ఒక్క లాగు లాగి, నీటి అంచును చద్దరుకు బెత్తెడు దూరంలో ఆపుతుంది. అడ్డొచ్చిన చెప్పుల జతను వైపర్ అంచుతోనే లేపి పొడి వైపు పెడుతుంది. వంగదు, చేతితో ముట్టదు, జత చెదరదు. వరస తర్వాత వరస ఇలా పోతుంటే ఒక్క మూట కూడా తడవదు. యంత్రాలతో కడిగే రోజులు వచ్చాయి, మంచిదే. నేల మీద మనిషి ఉన్నాడని చూసుకుని కడిగే పని ఆ యంత్రాలకు ఇంకా రాదు.

అక్కడే ఒక ముసలమ్మ నోట వినబడిన మాట: “కూసుంటె నడుం నొస్తది, పండుదమంటె బెంచీకి ఇనుప చేతులాయె. గింత పెద్ద టేషన్ల మనిషి ఒరిగేటందుకు జాగ లేకపాయె.” ఆమె ఫిర్యాదులో పస ఉంది. సీటు సీటుకూ మధ్య చేతులున్న స్టీలు బెంచీలు దేశంలోని చాలా పెద్ద స్టేషన్లలో కనిపిస్తున్నాయి. వాటి మీద కూర్చోవచ్చు, పడుకోలేరు. పాతకాలపు చెక్క బెంచీ మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి తల్లి అంచున కూర్చునేది. అది పోయింది. అడిగితే శుభ్రత, భద్రత అంటారు. ఆ రెండూ అవసరమే. వాటికోసం పడక తీసేయడం మాత్రం సోమరితనం.

సికింద్రాబాద్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. ఖర్చు రూ. 700 కోట్ల పైచిలుకు. పాత భవనాన్ని 2025లో కూల్చారు. పది ప్లాట్‌ఫారాల మీదుగా రెండంతస్తుల విశాలమైన కాంకోర్స్, దుకాణాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు రాబోతున్నాయి. బొమ్మల్లో అందరూ చక్రాల సూట్‌కేసు లాగుతూ నడుస్తూనే ఉంటారు. ఎవరూ కూలబడి ఉండరు, ఎవరి నెత్తి మీదా మూట ఉండదు. రద్దీ లెక్కలు వేసేటప్పుడు గంటకు ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారని చూస్తారు. పన్నెండు నుంచి అయిదు దాకా కదలకుండా ఉండేవాళ్లు రాకలోనూ పోకలోనూ కలవరు. డబ్బు పెట్టి కూర్చునే ఏసీ లాంజీలు వద్దనడం లేదు. ఉచితమైన హాలు ఎంత ఉండాలన్నది కూడా అదే నక్షాలో రాసి ఉండాలి కదా.

పైగా ఇప్పుడు మజిలీ ఒకచోట కాదు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాద్ రద్దీ తగ్గించడానికి కొన్ని బండ్లను అక్కడికి మార్చారు. కాచిగూడ, నాంపల్లి ముందునుంచే ఉన్నాయి. చర్లపల్లిలో దిగి కాచిగూడలో బండి ఎక్కాల్సిన కామారెడ్డి మనిషికి రాత్రివేళ నగరమే అడ్డం. పదకొండు ప్రాంతంలో మెట్రో ఆగిపోతుంది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు దొరకదు, ఆటో అడిగింది ఇవ్వాలి. రైలు టికెట్ ఖరీదు కంటే ఆటో ఖరీదు ఎక్కువయ్యే సందర్భాలు ఇవే. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దాంతో చాలామంది రైలు వదిలి జూబ్లీ బస్ స్టేషన్ దారి పడుతున్నారు. అది మంచి మార్పే గానీ, కామారెడ్డిలో తెగే దారి మాత్రం అక్కడే తెగుతోంది.

ప్రయాణం తప్పనివాళ్లు దిగిన టికెట్ పారేయకుండా తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోవడం మంచిది. సామాను క్లోక్‌రూములో పెట్టాలంటే సంచికి తాళం ఉండాలి, టికెట్ చూపాలి. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయవచ్చు.

ఇక చేయాల్సినవి రెండు. కామారెడ్డి స్టేషన్ అమృత్ భారత్ పథకంలో ఉంది, భవనం మారుతుంది. దాంతోపాటు రాత్రి వచ్చే ముఖ్యమైన బండ్ల వేళకు స్టేషన్ ముందు నుంచి ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు ఒక బస్సు నడపాలి. బండి ఆలస్యమైతే బస్సు ఆగాలి. సికింద్రాబాద్ కొత్త భవనంలో దిగిన టికెట్ చూపినవాళ్లు ఉదయం ఆరు దాకా ఒరగగలిగే ఉచిత హాలు ఒకటి, ఆడవాళ్లకు విడిగా ఇంకొకటి కేటాయించి, ఆ మాట బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. 700 కోట్ల పనిలో వీటికయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు.