పదింటికి ఆగిన డోలు



ఆగస్టు 9న హాస్టల్ గ్రౌండులో ధింసా పెట్టాం. ఊరి నుంచి తాతలు డోలు, తుడుము, కిరిడి పట్టుకుని బస్సులో వచ్చారు. రాత్రి పది దాటగానే పోలీసులు ఆపించారు. "మైకు లేదు సార్" అన్నాం, వినలేదు. డోలు దించి తాత అడిగాడు: "తప్పు సేసామేట్రా?" మాకు జవాబు తెలీదు.

తర్వాత చదివాం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకుకి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాయిద్యాలు కూడా కుదరవు. పండగలకి 12 దాకా మైకుకి ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, ఏడాదికి 15 రోజులకి మించకుండా. అందులో మన రోజు కూడా ఉండాలని మనమే అడగాలి.

వచ్చే ఏడు ముందే దరఖాస్తు పెడతాం, సాయంత్రం నాలుగింటికే మొదలెడతాం. తాత మళ్ళీ ఆ మాట అడిగే పరిస్థితి రానివ్వం.