కర్రిగాడి దీపావళి

దీపావళి వస్తోందంటే పిల్లలకి సంబరం, ఇల్లాలికి చాకిరీ, ఇంటాయనకి జేబు బరువు తగ్గే యోగం. మరి ఇంట్లో కుక్కకో? దాని రాశిఫలం ఏ పంచాంగకర్తా రాయలేదు. రాస్తే "ఆకస్మిక భయం, స్థానచలనం" అని రాయాల్సి వచ్చేది. నేపాలులో నరక చతుర్దశినాడు కుక్కల మెళ్ళో బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, విందు చేస్తారు. మనమూ దండే తెస్తాం, సీమటపాకాయల దండ!

భారతం మొదట్లోనే ఒక కుక్క భయం గురించి మాట్లాడుతుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి వచ్చిన కుక్కపిల్లని ఆయన తమ్ముళ్ళు కొట్టారు. దాని తల్లి సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యని పసివాణ్ణి కొట్టించావు కనక, ఎటునుంచి వస్తుందో తెలియని భయం నీకు కలుగుతుందని రాజుతో చెప్పి వెళ్ళిపోయింది. బి.ఏ.లో చదువుకున్న ఆ శాపం బరువెంతో, కారంచేడులో మా పిన్ని పెంచుకునే కర్రిగాణ్ణి చూశాక తెలిసింది.

కారంచేడంటే చీరాల పక్కన, సినిమా రామానాయుడుగారు పుట్టిన ఊరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. బాబాయి పోయాక పిన్ని ఆ పెద్దింట్లో ఒక్కతే. కొడుకు టెక్సాస్‌లో. తోడంటే కర్రిగాడే. ఊరకుక్క, నల్లటి నలుపు. కొత్తవాళ్ళెవరైనా గేటుమీద చెయ్యి వేస్తే వీధంతా లేపుతాడు. అంతటి వీరుడూ నిరుడు దీపావళినాడు మొదటి లక్ష్మీబాంబుకే గొలుసు తెంపుకు పోయాడు. మూడోనాడు కొమ్మమూరు కాలువ గట్టున దొరికాడు, అరికాళ్ళు పుళ్ళు పడి. ఆ రెండు రోజులూ పిన్ని పొయ్యి వెలిగించలేదు.

"ఈసారి వాణ్ణి టపాకాయల మధ్యే కట్టేయండి, అదే అలవాటవుతుంది" అని వీధిలో పెద్దలు సలహా చెప్పారు. నీళ్ళంటే జడిసే పిల్లాణ్ణి బావిలోకి తోస్తే ఈతొస్తుందని కూడా అంటూంటారు. కొందరికి వస్తుంది. తరవాత సలహాలు చెప్పేది వాళ్ళే. రానివాళ్ళు నోరెత్తరు.

ఈ సలహా సంగతి రష్యాలో పావ్లోవ్‌గారి కుక్కల్ని అడగాలి. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కి వరదొచ్చి, వాటి గదుల్లోకి నీళ్ళు చేరాయి. మనుషులు వెళ్ళి ఈదించి బయటికి తెచ్చారు. ప్రాణాలు దక్కాయి గాని, కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చినదంతా మరిచిపోయాయి. అందులో ఒకటి బాగా తేరుకున్నాక, దాని గదిలోకి తలుపు కిందనుంచి సన్నగా నీళ్ళు వదిలారు. అంతే, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

అదే 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ మూడేళ్ళ పీటర్ కథ ప్రచురించారు. కుందేలంటే వాడు హడలిపోయేవాడు. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలు పంజరాన్ని దూరంగా పెట్టి, వాడు ఓర్చుకున్నంతలోనే కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపారు. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా వాడు ఊరుకున్నాడు. ఇవాళ మోతలకి బెదిరే కుక్కలకి పశువైద్యులు చెప్పే పద్ధతికి ప్రాణం ఇదే.

నవల పూర్తి చేసుకుందామని వినాయక చవితికి కారంచేడు వెళ్ళాను. దీపావళికింకా రెండు నెలలుంది. పని మొదలుపెట్టాను.

"మనుషులకే దిక్కులేదు, కుక్కకి కచేరీ ఏంటే అమ్మాయ్!" అంది పిన్ని. అంటూనే కోడిముక్కలు ఉడకబెట్టి ఇచ్చింది.

కచేరీ అంటే సెల్‌ఫోనులో టపాకాయల మోత, వినీ వినపడనట్టు. మోత వినపడగానే ఓ ముక్క. మోత ఆగితే ముక్కలూ ఆగిపోతాయి. రోజుకి అయిదు నిమిషాలు చాలు. మోత వినగానే వాడు ముక్క కోసం నా చేతివంక చూస్తే, మర్నాడు పిసరంత పెంచడం. రొప్పినా, తోక ముడిచినా, ముక్క ముట్టకపోయినా "ఇక చాలు" అని వాడు చెప్పినట్టు. అప్పుడు మళ్ళీ కింది మెట్టుకి దిగాలి. తలుపు మాత్రం తెరిచే ఉండాలి. వెళ్ళిపోగలనని తెలిసినవాడే ధైర్యంగా కూచుంటాడు.

ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. పిన్ని చేతిలో మజ్జిగ గ్లాసు జారి పడింది. చేసింది కొడుకే, ఊరికే పలకరించడానికి. బాబాయి పోయిన కబురు అలాగే అర్ధరాత్రి ఫోనులో వచ్చింది. "భయమెందుకు పిన్నీ, అబ్బాయేగా" అనబోయి ఊరుకున్నాను. కర్రిగాడికి చెప్పని మాట పిన్నికి మాత్రం ఎందుకు చెప్పాలి? మర్నాడు మా తమ్ముడితో మాట్లాడాను. ఇకమీదట రోజూ మన సాయంత్రం ఏడున్నరకే, వాడికి పొద్దున్నపూట, ఫోను చెయ్యాలని. ఫోను మోత కూడా తగ్గించి పెట్టాను.

దీపావళి రానే వచ్చింది. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్సు దాటే టపాకాయలు పనికిరావని 1999లోనే నిబంధన పెట్టారు. రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధి పిల్లలకి గడియారం చూసే తీరికేదీ? పైగా మన చెవికి సెకనుకి 20,000 ప్రకంపనలు దాటితే వినపడదు. కుక్కకి 45,000 దాకా వినపడుతుందిట. మనం వింటున్న దీపావళి ఒకటి, అది వింటున్నది ఇంకోటి.

చీకటి పడకముందే కర్రిగాణ్ణి తిప్పుకొచ్చి, కడుపునిండా పెట్టి, లోపలి గదిలో కిటికీలు మూసి రేడియో పెట్టాం. మెడపట్టీకి ఫోను నెంబరు కట్టాం. మందు అవసరమైతే పశువుల డాక్టరుగారే ఇవ్వాలి గాని, మన ఇంట్లో మాత్రలు వెయ్యకూడదు. మొదటి బాంబుకి వాడు మంచం కిందికి దూరాడు. వణికాడు. పిన్ని కింద కూచుని వీపు నిమిరింది. బుజ్జగిస్తే భయం ముదురుతుందన్నది వట్టి మాట. కాసేపటికి మంచం కిందనుంచి మూతి బయటికొచ్చి, ముక్క అందుకుంది. భయం పోలేదు, కాని ముక్క రుచి తెలిసేంత తగ్గింది. తెల్లారి గేటు దగ్గర మామూలుగా పాలవాడిమీద అరిచాడు.

పిన్ని సంగతంటారా? ఏడున్నరయ్యేసరికి ఫోను పక్కన పళ్ళెంలో జంతికలు పెట్టుకుని కూచుంటుంది. "ఏం, వాడికేనా ముక్క? నాకక్కర్లేదూ?" అంటుంది. ఫోను మోగగానే ఇప్పటికీ కాస్త ఉలిక్కిపడుతుంది. ఆ తరవాత జంతిక విరుచుకుంటూ "ఆఁ, చెప్పరా నాన్నా" అంటుంది.