వాలు చెప్పే లెక్క

[దృశ్యం: తెల్లవారుతోంది. మంచు కప్పిన కార్ పార్కింగ్. హెడ్‌ల్యాంప్ వెలుగులో ఇద్దరు మనుషులు, ఎర్రటి ప్లాస్టిక్ స్లెడ్డు.]

టైము ఉదయం ఏడు. బయట మైనస్ 22 సెల్సియస్. మీసం మీద అప్పుడే మంచు కట్టింది, మాట కాస్త ముద్దగా వినిపిస్తే సర్దుకోండి.

న్యూయార్క్ అనగానే మనవాళ్ళకి టైమ్స్ స్క్వేర్ గుర్తొస్తుంది. అదే రాష్ట్రానికి ఉత్తరాన ఈ అడిరొండాక్ కొండలున్నాయి. న్యూజెర్సీలో మా ఇంటి నుంచి ఐదున్నర గంటల డ్రైవ్. ఇక్కణ్ణుంచి కోల్డెన్ సరస్సు దాకా సుమారు 9 కిలోమీటర్లు నడిచి, అక్కడ రెండు రాత్రులుండి రావాలని ప్లాను. సామానంతా వీపు మీద కాదు, నడుముకి కట్టుకుని వెనకాల లాక్కుంటూ.

[దృశ్యం: చెక్క బోర్డు, దగ్గరగా.]

ఈ బోర్డు చూడండి. అడిరొండాక్ లోజ్, అంటే లాడ్జి. 'లోజ్'కి మూడే అక్షరాలు: ఎల్, ఓ, జె. పెయింటర్ తప్పు కాదు. లైబ్రరీ పుస్తకాలకి దశాంశ నంబర్లిచ్చిన మెల్విల్ డ్యూయీ ఉన్నాడే, ఇంగ్లీషు స్పెల్లింగుల్లో పనికిరాని అక్షరాలన్నీ పీకెయ్యాలని పట్టుబట్టిన మనిషి. ఇది ఆయన పెట్టిన స్పెల్లింగే. బరువు గురించి చెప్పబోయే వీడియోకి ఇంతకంటే మంచి బోర్డు దొరకదు.

[దృశ్యం: స్లెడ్డు చుట్టూ కెమెరా తిరుగుతుంది.]

ఇది పిల్లలు మంచులో జారుడు ఆడుకునే స్లెడ్డే. అంచుల్లో రంధ్రాలు చేసి తాళ్ళు బిగించాం. ముందు రెండు ప్లాస్టిక్ పైపులు, లోపల నుంచి తాడు. పైపులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటి, నా నడుము బెల్టుకి తగులుకుంటాయి. అలా దాటిస్తే మలుపులో బండి మన వెనకే తిరుగుతుంది. ఉత్త తాడైతే చాలదా అంటారేమో. చదును మీద చాలు. దిగుడులో మాత్రం బండి వచ్చి పిక్కల మీద పడుతుంది. పైపులుంటే ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది. ఎడ్లబండికి నొగలున్నట్టు. వెనక అడుగున రెండు అల్యూమినియం పట్టీలు కూడా బిగించాం, ఏటవాలులో తోక పక్కకి జారకుండా.

వీటిని 'పుల్క్' అంటారు. ఫిన్లాండ్, నార్వేల ఉత్తరాన రెయిన్‌డీర్లు లాగే పడవలాంటి బండి పేరది.

సర్దడంలో మా తాతయ్య పాఠం పనికొచ్చింది. బండికి ముందు బరువెక్కువైతే ఎద్దు మెడ నలుగుతుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది అనేవాడు. ఇక్కడా అంతే. బరువైనవి అడుగున, మధ్యలో. తేలికవి పైన. అన్నీ ఒకే సంచీలో వేసి, కదలకుండా బిగించి కట్టాలి. మొత్తం తూకం 40 కిలోలు.

అందులో ఒక ఇనప పెనం ఉందని నాకు తర్వాత తెలిసింది.

[దృశ్యం: చదునైన అడవి దారి. స్నోషూల చప్పుడు.]

మంచు 20 సెంటీమీటర్లు దాటితే ఈ అడవిలో స్నోషూలో, స్కీలో తప్పనిసరి. ఉత్త బూట్లతో నడిస్తే దారి నిండా గోతులు పడతాయి, వెనకొచ్చేవాళ్ళ కాళ్ళు విరుగుతాయి. అందుకే ఆ నియమం.

మార్సీ డ్యామ్ దాకా 3.7 కిలోమీటర్లు. 2011లో ఐరీన్ తుఫాను ఇక్కడి పాత చెక్క డ్యామ్‌ని దెబ్బతీసింది, చెరువు ఖాళీ అయిపోయింది. పేరు మాత్రం మిగిలింది. ఇక్కడిదాకా బండి వెనక ఉన్న సంగతే గుర్తు రాలేదు. నాతో వచ్చిన మా బావమరిది పాటలు కూడా పాడాడు.

"బావా, ఇంత తేలికని తెలిస్తే కుర్చీలు రెండు తెచ్చేవాణ్ణి కాదూ!"

"ఒక్కటి తెచ్చావుగా?"

జవాబు లేదు.

[దృశ్యం: దారి నిటారుగా లేస్తుంది. చెట్ల మధ్య సన్నటి సందు.]

ఇదీ అవలాంచ్ పాస్ ఎగుడు. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను. మంచు మీద ఘర్షణ బరువులో పదో వంతు అనుకుందాం. చదును మీద 40 కిలోల బండిని లాగాలంటే 4 కిలోల లాగుడు చాలు. అందుకే పాటలొచ్చాయి. వాలు 20 డిగ్రీలైతే అదే బండికి సుమారు 17 కిలోల లాగుడు కావాలి. 30 డిగ్రీలైతే 23 దాటుతుంది. బండి అదే, మంచూ అదే. చదును మీద నేల మోసిన బరువుని వాలు మన నడుముకి అప్పజెప్తుంది.

[దృశ్యం: స్లెడ్డు పక్కకి బోర్లా పడుతుంది. నవ్వులు. రెండోసారి పడుతుంది. నవ్వులు లేవు.]

మూడోసారి పడ్డాక పంతం మానేశాం. సగం సామాను దించి, మిగతా సగం పైకి చేర్చి, మళ్ళీ కిందికొచ్చి రెండో సగం తీసుకెళ్ళాం. అంటే ఒక కిలోమీటరు ముందుకెళ్ళడానికి మూడు కిలోమీటర్ల నడక. 1911లో అంటార్కిటికా చలికాలపు చీకట్లో విల్సన్, బవర్స్, చెర్రీ గారార్డ్ అనే ముగ్గురు పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కి వెళ్ళారు. రెండు స్లెడ్జిలు ఒకేసారి కదలక ఇలాగే విడతలుగా లాగారు. వాళ్ళకి చలి మైనస్ 60 దాకా పోయింది. మాకు మైనస్ 22కే మాటలు పడిపోయాయి.

రెండో విడతలో సంచీ తెరిచాను. మడత కుర్చీ. గాజు సీసాలో ఆవకాయ. దాని కింద పెనం.

"ఇదెందుకురా?"

"దోసెలకి బావా. పిండి కూడా తెచ్చా."

"మీ అక్కకి తెలుసా?"

వాడు వంగి స్నోషూ పట్టీ సరిచేసుకున్నాడు.

ఇంకో మాట. ఎగుడులో చెమట పట్టనివ్వకూడదు. ఆగిన రెండు నిమిషాలకే తడి చొక్కా మంచు పలకవుతుంది. లాగడం మొదలెట్టేముందే కోటు విప్పాలి, కాస్త చలి వేస్తుండగానే. ఆగగానే వేసుకోవాలి. నూలు బట్ట అస్సలు వద్దు.

[దృశ్యం: ఒక్కసారిగా చెట్లు విడిపోతాయి. రెండు నల్లటి కొండగోడల మధ్య తెల్లటి సరస్సు. పది సెకన్లు మాటలు లేవు, గాలి చప్పుడే.]

అవలాంచ్ సరస్సు. ఎడమ పక్క కోల్డెన్ కొండ. 1999లో ఫ్లాయిడ్ తుఫానుకి దీని చరియ విరిగి చెట్లూ మట్టీ మనం దాటొచ్చిన కనుమలోనే పడ్డాయి.

వేసవిలో ఇక్కడ ఒడ్డనేది లేదు. రాతిగోడ నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. గోడకి బోల్టులతో చెక్క వంతెనలు బిగించారు. వాటి పేరు 'హిచప్ మటిల్డాస్'. 1868లో బిల్ నై అనే గైడు మటిల్డా అనే ఆవిణ్ణి భుజాలమీద ఎక్కించుకుని నీళ్ళలో దాటించాడట. ఆవిడ కిందికి జారుతుంటే, చూస్తున్న ఇంటివాళ్ళు 'హిచప్, మటిల్డా', అంటే పైకి జరుగు మటిల్డా, అని కేకలేశారని కథ. చలికాలం మాత్రం సరస్సే రోడ్డు. గట్టి మంచుగడ్డ 10 సెంటీమీటర్లుంటే మనిషి నడవచ్చంటారు. మేము అడుగడుక్కీ చూసుకునే నడిచాం.

[దృశ్యం: రాత్రి. కోల్డెన్ సరస్సు దగ్గర మూడు గోడల దుంగల పాక. చిన్న స్టవ్వు నీలి మంట.]

ఈ భాగంలో చలిమంట వేయడం నిషేధం. ఉన్నది ఈ స్టవ్వే. దాని మంట పెనం మధ్యలో అర్ధరూపాయంత మేర కాలుస్తుంది. ఆ మాటకొస్తే దోసెపిండి ఇటుకైంది. ఆవకాయలో నూనె పేరుకుని చెంచా దిగలేదు. మా ప్రాణం నిలిపింది వేయించిన ఉప్మా రవ్వ, నాలుగొందల గ్రాములు. మంచు కరిగించిన నీళ్ళు మరగగానే పోశాం. కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, స్లీపింగ్ బ్యాగుల్లోనే తిన్నాం.

[దృశ్యం: తిరుగు ప్రయాణం. అదే వాలు, పై నుంచి.]

ఎక్కడం కష్టం అనుకున్నాం కదా. దిగడం ఇంకో రకం. ఆ 20 డిగ్రీల వాలులోనే ఇప్పుడు బండి 10 కిలోల బలంతో నన్ను వెనక నుంచి తోస్తోంది. అందుకని ముడులేసిన తాడొకటి స్లెడ్డు ముందు భాగం కింద చుట్టాం. అది మంచుని గీరుతూ బ్రేకులా పనిచేస్తుంది. వెనక ఇంకో తాడు పట్టుకుని బావమరిది.

"వదలమంటావా బావా?"

"వదిలావంటే మీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి."

గట్టిగా పట్టుకున్నాడు.

[దృశ్యం: పార్కింగ్. కారు పక్కన మంచు మీద వరసగా పేర్చిన వస్తువులు.]

ఇదిగోండి, వాడకుండా తిరిగొచ్చినవి. కుర్చీ. ఆవకాయ. ఇటుక. రెండో టార్చి. నాలుగు జతల ప్యాంట్లు. పెనం. స్ప్రింగ్ కాటాకి తగిలించాం: అన్నీ కలిపి 9 కిలోలు. ఎగుడులో ఒక విడత బరువులో దాదాపు సగమన్నమాట.

బావమరిది చాలాసేపు ఆ వరస వంక చూశాడు. తర్వాత పెనం ఒక్కటీ తీసి, మంచు తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"ఇది మాత్రం నువ్వు మోసుకెళ్ళు బావా. ఇంట్లోకి."