ఎదురుచూపుల గదిలో గుక్కెడు సముద్రం



చాలా రోజుల తరువాత మళ్ళీ టపా రాస్తున్నాను. సంధులూ సమాసాలూ తప్ప మరొకటి ఎరుగని తెలుగు పండితుడు చేపల గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట నాకూ వచ్చింది. చదివాక మీరే తీర్పు చెప్పండి.

నా శిష్యుడొకడు చేవెళ్లలో దంతవైద్యశాల తెరిచాడు. ఎనిమిదో తరగతిలో నేను ఉత్వసంధి చెబుతూ ఉంటే వెనుక బల్ల మీద కునుకు తీసినవాడే! పదవీ విరమణ తరువాత మొయినాబాదులో స్థిరపడిన నన్ను వెతుక్కుంటూ వచ్చి, "సార్, బోర్డు మీద అక్షరాలు మీరే సరిజూడాలె" అన్నాడు. సరిచూశాను. కాఫీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"పేషెంట్లు కూసునే గదిల ఉప్పునీళ్ల అక్వేరియం పెడదామనుకుంటున్న సార్. చిన్నపిల్లలు లోపలికి రాకముందే ఏడుపు మొదలువెడుతున్నరు. సముద్రంల ఉండే రంగురంగుల జీవాలు పెడితే అటు జూసుకుంట కూసుంటరు. ఏవేవి దేవాల్నో మీరు గూడ జర చూడండ్రి."

నాకేం తెలుసునని అడిగాడో తెలియదు. కానీ కాదనలేకపోయాను. దానికొక కారణం ఉంది.

కొన్నేళ్ళ క్రితం నా శ్రీమతి జబ్బు పడినప్పుడు నగరంలో ఒక ఆసుపత్రికి తరచుగా వెళ్ళవలసి వచ్చేది. అక్కడ కూర్చునే గదిలో ఒక గాజుతొట్టి, అందులో అరచేయంత నీలి చేప ఉండేవి. తిరగడానికి చోటు చాలక గాజుకు మూతి ఆనించి, అదే దారిన అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. దాని ఒంటి మీద ఉప్పుకల్లు చల్లినట్టు తెల్లని చుక్కలు. ప్రకృతి చేసిన అలంకారమనుకున్నాను. అది రోగమని చాలా కాలానికి గాని తెలియలేదు. ఆమె మాత్రం చాలాసేపు చూసి, "అది గూడ మనలెక్కనే పిలుపు కోసం చూస్తున్నట్టున్నది" అంది. మళ్ళీ వెళ్ళేసరికి చేప లేదు. తొట్టి ఉంది, దీపం వెలుగుతోంది, బుడగలు వస్తున్నాయి. ఆమె కుర్చీ మార్చుకుని అటు వీపు పెట్టి కూర్చుంది. ఇప్పుడామె లేదు. ఆ ఖాళీ తొట్టి మాత్రం నా కళ్ళ ముందు నుండి పోలేదు.

అందుకే శిష్యుడితో బయలుదేరే ముందు దొరికినంత చదివాను. గాజుతొట్టి భయాన్ని తగ్గిస్తుందన్న మాట ఉత్త నమ్మకం కాదు. అమెరికాలో కాచర్, బెక్ మొదలైన పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనంలో పంటి శస్త్రచికిత్సకు వచ్చినవారి చేత ముందుగా కొంతసేపు అక్వేరియం చూపించారు. ఆ చూడడం హిప్నాటిజంతో సమానంగా వారి ఆందోళనను తగ్గించిందట. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో, ఇంగ్లండులోని ప్లిమత్ నగరంలో ఒక పెద్ద తొట్టిలో చేపలను దశలవారీగా పెంచుతూ పోయి చూశారు. ప్రాణుల సంఖ్య, వైవిధ్యం పెరిగినకొద్దీ చూపరుల గుండె వేగం మరింత తగ్గింది, మనసు మరింత తేలికపడింది. కాబట్టి నా శిష్యుడి కోరికలో తప్పు లేదు. ఎంపిక చేయడంలోనే ఉంది చిక్కంతా.

దుకాణంలో అతని చూపు ముందుగా ఆ పాత నీలి చేప మీదనే పడింది. దాని పేరు బ్లూ టాంగ్. 'ఫైండింగ్ నీమో' సినిమా (2003) చూసిన పిల్లలందరికీ అది డోరీ. "ఇది గావాలె సార్" అన్నాడు. అది సుమారు ఒక అడుగు పొడవు పెరుగుతుందనీ, దూరాలు ఈదే జీవి అనీ, తాను పెట్టబోయే మూడు వందల లీటర్ల తొట్టి దానికి చెరసాల అవుతుందనీ చెప్పాను. తరువాత మాండరిన్ చేపను చూపించాడు. పట్టుచీర అంచులాంటి రంగులు! కానీ అది రాళ్ళ సందుల్లో బతికే కంటికానని పురుగులను రోజంతా ఏరుకు తింటుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు, వేసిన మేతను చాలా మాండరిన్లు ముట్టవు. పదిమంది చూస్తూ ఉండగా ఆకలితో చిక్కిపోతుంది. సముద్రపుష్పమనే అనిమోన్‌దీ అదే దారి. దానికి తీవ్రమైన వెలుగు, నెలల తరబడి కుదురుకున్న నీరు కావాలి. ఉన్నచోట ఉండక నడుస్తూ పోయి నీటి పంపులో చిక్కుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక పగడాలు. విద్రుమం, ప్రవాళం అని పర్యాయపదాలు ఏళ్ళ తరబడి వల్లె వేయించాను. ప్రవాళమంటే లేత చిగురు అని కూడా అర్థం. విద్రుమంలో ద్రుమం, అంటే చెట్టు, ఉండనే ఉంది. మనవాళ్ళే కాదు, ఐరోపా పండితులూ పగడాన్ని మొక్క అనే అనుకున్నారు. 18వ శతాబ్దంలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అది జంతువని చెబితే పెద్దలు తోసిపుచ్చారు. నవరత్నాలలో ఒకటిగా పాఠం చెప్పిన నేను కూడా, దానికి నోరూ ఆకలీ ఉన్నాయని అరవై దాటాక తెలుసుకున్నాను.

అక్కడొకతను పక్కకు పిలిచి, ప్రాణమున్న రాతిపగడం తెప్పించి ఇస్తానన్నాడు. ధర కూడా చెప్పాడు. మన దేశంలో రాతిపగడాలు, సముద్రపు విసనకర్రలు, నీటిగుర్రాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. మన్నారు సింధుశాఖ నుండో, లక్షద్వీపాల నుండో దొంగచాటుగా విరిచి తెచ్చినవి అవి. శిష్యుడు కొంచెం తటపటాయించాడు. "ఎవరికి తెలుస్తది సార్?" అన్నాడు. "నీకు తెలుస్తుంది గదా నాయనా" అన్నాను. తరగతి గదిలో ఎన్నోసార్లు వ్యర్థమైపోయిన ఆ వాక్యం ఆ రోజు పని చేసింది. చివరికి సచ్ఛిద్రమైన కృత్రిమ శిలలతోనే దిబ్బ కట్టాము.

తిరుగు ప్రయాణంలో చేవెళ్ల దారి మర్రిచెట్ల నీడలో కారాపి చాలాసేపు మాట్లాడుకున్నాము. రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్లను కొట్టకూడదని ఎందరో పోరాడారు. ఒక్కొక్క చెట్టులో ఎన్ని పిట్టలు, ఎన్ని ఉడుతలు! సముద్రంలో పగడపు దిబ్బ కూడా అంతే, ఒక మర్రిచెట్టు. దాని కొమ్మ విరిచి గదిలో పెట్టుకుంటే మర్రినీడ వస్తుందా?

తొట్టిలో నీళ్ళు నింపడం మరో ప్రహసనం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మూడు వందల లీటర్లకు పది కిలోల పైమాటే! వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వగైరాలు కలిసిన ప్రత్యేకమైన ఉప్పు, బోరు నీటికి బదులు శుద్ధి చేసిన నీరు కావాలి. అవి కలిపాక కూడా వెంటనే చేపను వదలరాదు. వ్యర్థాల నుండి పుట్టే అమ్మోనియా విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, మరొక రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చాలి. ఆ జీవులు స్థిరపడడానికి నెలా, నెలన్నర పడుతుంది. ఎదురుచూసే గదిలో ముందుగా ఎదురుచూడవలసింది నీరేనన్నమాట! మార్చిన ఉప్పునీటిని చెట్ల మొదట్లో పోయవద్దని, వాగులో అసలే కలపవద్దని గట్టిగా చెప్పాను. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల పరీవాహక ప్రాంతంలో ఉన్నవాళ్ళం, మన నీటికి ఆ మాత్రం మర్యాద చూపాలి. కరెంటు పోతే గాలి అందించే బ్యాటరీ పంపు కూడా కొనిపించాను.

చివరికి ఎవరెవరు వచ్చారంటే:

నారింజ రంగు మీద తెల్లని పట్టెలున్న క్లౌన్ చేపల జంట. మన సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు వీటిని హేచరీలో పుట్టించి పెంచే పద్ధతి రూపొందించారు. అలా పుట్టినవాటినే అడిగి తెచ్చాము, సముద్రం నుండి దొంగిలించినట్టు కాదు. పుట్టుకతో అన్నీ మగవే. గుంపులో పెద్దది ఆడదవుతుంది, అదే యజమానురాలు. సముద్రపుష్పం లేకపోయినా తొట్టిలో హాయిగా బతుకుతాయి.

ఒక గోబీ చేప, ఒక పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు బహు తక్కువ. అది ఇసుకలో బొరియ తవ్వుతూ ఉంటే చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ చేపను తాకుతూనే ఉంటుంది. ప్రమాదం వస్తే చేప తోక కదిలిస్తుంది, ఇద్దరూ లోపలికి! అంధపంగు న్యాయం చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో దొరకలేదు.

నాచు మేసే నత్తలు నాలుగు. వీపున ఎర్రని రంగు, నడుమ తెల్లని నామం గల క్లీనర్ రొయ్యలు రెండు. ఇవి చేపల ఒంటి మీది పరాన్నజీవులను, నోటిలోని తుణుకులను ఏరి తింటాయి. దంతవైద్యశాలకు ఇంతకంటె తగిన ఉద్యోగి ఎవరు?

గత నెల ఒక సాయంత్రం నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఆరేళ్ళ పిల్లవాడు తల్లి కొంగు నోట్లో కుక్కుకుని వెక్కిళ్ళు పెడుతున్నాడు. అంతలో పెద్ద క్లౌన్ చేప రాతి దగ్గర ఆగి నోరు తెరిచింది. రొయ్య మెల్లగా వచ్చి సన్నని కాళ్ళు లోపలికి పెట్టింది. పిల్లవాడు కొంగు వదిలేశాడు.

"అమ్మా, చేపకు గూడ పండ్ల డాక్టరున్నడా?"

"ఉన్నడు బిడ్డా. చూడు, అది ఏడుస్తలేదు."

పేరు పిలిచేసరికి వాడు తొట్టి వైపు తిరిగి తిరిగి చూస్తూనే లోపలికి నడిచాడు. కుర్చీలో కూర్చున్నాక ఏడ్చాడో లేదో నాకు తెలియదు, తలుపు వేశారు.

నేను ఇంకొంచెంసేపు కూర్చున్నాను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునే మనిషి ఉంటే ఈసారి అటు వీపు పెట్టేది కాదనుకుంటాను.

చేపల పెంపకంలో అనుభవమున్న మిత్రులు నా తప్పులు దిద్దితే సంతోషిస్తాను. సెలవు.