నిశ్శబ్దం ఖరీదు

పెళ్ళి బ్యాండు తరవాత, మోతకు డబ్బు పుచ్చుకునేది కీబోర్డేనని ఈ ఏడే నాకు తెలిసింది.

నా రూమ్మేటు తెల్లవారుజామున 4 గంటలకే లేచి, ఇంటింటికీ పేపర్లు వేసి ఫీజు కట్టుకునే మనిషి. నా ప్రాజెక్టు రిపోర్టేమో రాత్రి 11 దాటితే గాని కదలదు. పాత కీబోర్డు టకటకలాడుతుంటే "ఆపరా బాబూ" అని వాడు ఒక్కనాడూ అనలేదు. ముసుగు తన్ని అటు తిరిగేవాడు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

జేబులో 700 రూపాయలతో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళాను. ముందు మెకానికల్ రకం చూపించారు. మీటమీటకీ ఓ స్ప్రింగు, ఓ స్విచ్చు. నీలం స్విచ్చులైతే 'టిక్కు'మనడానికే చేసినవి. వేలు పోసి చప్పుడు కొనుక్కోవాలన్నమాట! చప్పుడు చెయ్యని స్విచ్చులూ ఉన్నాయిగాని, మన తాహతు కాదు. మీటల కింద రబ్బరు బుడిపెలుండే మెంబ్రేన్ రకం 550కి వచ్చింది. మీరూ కొనేముందు స్పేస్ బారు నొక్కి చూడండి; ఎక్కువ మోగేది అదే.

మిగతా మోత బల్లది. పాత తువ్వాలు మడిచి కీబోర్డు కింద పరిస్తే అదీ అణిగింది. ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు, నా రిపోర్టు నడుస్తోంది. ఇక వాడి గురకకు ఏ తువ్వాలు పరవాలో తెలిసినవారు చెబితే రుణపడి ఉంటాను.