రెండు గంటల దూరము



చెన్నై నుండి అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి ఆకాశమార్గమున సుమారు 1,370 కిలోమీటర్లు. 2024లో ప్రభుత్వము ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది గాని మనవారి నోట ఇంకను పాత పేరే వినబడుతుంది. విమానములో రెండు గంటలు దాటి కొద్ది నిమిషాల ప్రయాణము. ఓడలో అయితే దాదాపు 60 గంటలు. అలలు ఎక్కువైతే మరికొంత ఆలస్యము.

దేవుని కృపను బట్టి కూడికల కొరకు మేము అక్కడికి వెళ్లాము. చెన్నై తీరము దాటిన తరువాత కిటికీలోనుండి నీరు తప్ప మరేమీ కనబడలేదు. దిగిన తరువాత గడియారము మార్చుకోనక్కరలేదు. అయితే అక్కడ సూర్యుడు చెన్నైకంటె సుమారు 50 నిమిషాలు ముందుగా ఉదయిస్తాడు, ముందుగానే అస్తమిస్తాడు. సాయంకాలము ఆరు గంటలకే మా కూడికలకు దీపాలు వెలిగించవలసి వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో సుమారు 13 శాతము తెలుగువారే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వలస వెళ్లినవారు వారిలో అనేకులు. జంగ్లీఘాట్‌లో చేపల వేటమీద బ్రతుకుతున్న కుటుంబాలను మేము దర్శించాము. ఆ ఇండ్లలో మా అందరి మనస్సును కలచివేసిన సాక్ష్యము ఒకటి ఉన్నది.

ఒక సహోదరుని తల్లి శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామములో సాయంకాలము ప్రభువునందు నిద్రించింది. కబురు ఫోనులో క్షణములో చేరింది. ఓడకు ఇంకను వారము గడువున్నది. అప్పటికప్పుడు విమాన టిక్కెట్టు కొనడానికి చేతిలో డబ్బు లేదు. అప్పు పుట్టేసరికి తెల్లవారింది. చెన్నైలో దిగి రాత్రంతా రైలులో కూర్చుని ఊరు చేరేసరికి మూడవ దినము. సమాధి కార్యక్రమము అంతకు ముందు రోజే ముగిసిపోయింది. “అయ్యగారూ, ఒక్క పూట ఆగి ఉంటే అమ్మ ముఖము చూసేవాణ్ణి” అన్నాడు. మేము వెంటనే మాట్లాడలేకపోయాము.

కాబట్టి ప్రియులారా, రెండు గంటలన్నది విమానము ఎగిరే సమయము మాత్రమే. డబ్బు సమకూర్చుకొనే సమయము, టిక్కెట్టు దొరికే సమయము, విమానాశ్రయములో ముందుగా వేచియుండే సమయము, దిగిన తరువాత స్వగ్రామము చేరే సమయము అందులో లేవు. బీదవానికి ఆకాశములోని దారికంటె నేలమీది దారే దూరము.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడ పద్నాలుగు రాత్రులు సముద్రములో కొట్టుకొనిపోయింది. ఆయన చివరకు ఇటలీ తీరమున దిగినప్పుడు, రోమాలోని సహోదరులు ఆయన రాక విని త్రోవలోనికి ఎదురు వెళ్లారు. వారిని చూచి పౌలు ధైర్యము తెచ్చుకొన్నాడు. ప్రయాణమును తగ్గించలేనివారు ఎదురు వెళ్లగలరు.

మన సంఘాలు చేయగలిగినది ఇదే. మరణము సంభవించిన ఇంటిలో సమాధి వేళ నిర్ణయించకమునుపు, దూరముననున్న బిడ్డలకు టిక్కెట్టు దొరికినదా అని అడగండి. ఐస్ బాక్సు తెప్పించి ఒక దినము ఆగండి. టిక్కెట్టుకు డబ్బు లేనివారి కొరకు సంఘములో కొంత నిధి ప్రత్యేకించండి. ఇల్లు చేరేవరకు వారికొరకు ప్రార్థించండి.

సముద్రముల అవతలనున్న మన బిడ్డలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.