మూసాపేటలో ఒక మధ్యాహ్నం

మాది జహీరాబాదు ప్రాంతంలోని ఒక పల్లె. అక్కడి నుండి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. మా అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తరువాత మూడు వారాలపాటు మూసాపేటలోని మా తమ్ముడి ఇంట్లో ఉంది. ఆమెను ఇంటికి తీసుకువద్దామని గత డిసెంబరులో ఒకనాడు తెల్లవారుజామున మా పాత డీజిల్ బండిలో బయలుదేరాము. బండిలో నేను, నా భార్య, మా ఇద్దరు పిల్లలు. ఎండాకాలం ఎండ ఎంతో చలికాలం చలి అంత. మా వైపు, ముఖ్యంగా కోహీర్ పరిసరాలలో, డిసెంబరు తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి.

అద్దాలన్నీ ఎత్తుకొని కూర్చున్నాము. పది నిమిషాలైనా గడవక ముందే ముందు అద్దం లోపలి వైపు తెల్లగా పొగబారింది. అది బయటి మంచు కాదు, మా నలుగురి ఊపిరిలోని తేమే. చల్లటి గాజుకు తగిలి సన్నని నీటి పొరగా పేరుకొంది. ఇలాంటప్పుడు హీటరు వేసి, బ్లోయరు గాలిని అద్దం మీదికి వదిలితే పొర ఆరిపోతుంది. నేను మీట తిప్పాను. గాలి లేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక గుద్దు గుద్దాను. ఒక్క క్షణం గుర్రుమని మళ్ళీ ఆగిపోయింది.

"ఆపండి, తుడుస్తాను" అని నా భార్య చీర కొంగుతో అద్దం తుడవసాగింది. ఆమె తుడిచిన అరచేతి వెడల్పు సందులోంచి చూస్తూ మెల్లగా నడిపాను. అది చెరకు కొట్టే కాలం. రోడ్డు పక్కన చెరకు నింపిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి నిలిపి ఉంది. దానికి వెనుక దీపం లేదు, ఎర్ర బిళ్ళ కూడా లేదు. అది నాకు కనబడలేదు. "నాయనా, ట్రాలీ!" అని మా చిన్నవాడు వెనుక సీటులోంచి కేక వేశాడు. బ్రేకు మీద నిలబడ్డాను. చెరకు గడల కొసలకూ మా అద్దానికీ మధ్య బారెడు దూరం కూడా లేదు.

ఆ తరువాత చలి సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. కిటికీ అద్దాలు రెండు వైపులా దించి, గజగజ వణుకుతూనే సదాశివపేట, సంగారెడ్డి దాటాము. బయటి పొడిగాలి లోపలికి వచ్చేసరికి అద్దం తనంతట తానే తేటపడింది. దారిలో ఇలాంటి చిక్కు వస్తే చేయదగిన మొదటి పని అదేనని ఆ రోజు మాకు అనుభవం మీద తెలిసింది.

పటాన్‌చెరు వచ్చేసరికి పొద్దెక్కింది. ఇక్రిశాట్ పొలాలు, రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం దాటితే మియాపూరు. అక్కడి నుండి మెట్రో స్తంభాలు రోడ్డు నడుమ మనతోపాటే నడుస్తాయి. 2017 నవంబరులో మియాపూరు నుండి అమీర్‌పేట మీదుగా నాగోలు వరకు మెట్రో మొదలైంది. కూకట్‌పల్లి దాటాక ఆ వరుసలో మూసాపేట స్టేషను వస్తుంది. దాని కింద నుండి పోయే పెద్ద రోడ్డును మా పెద్దలు ఇప్పటికీ బొంబాయి రోడ్డు అనే అంటారు. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. పూణే నుండి మచిలీపట్నం దాకా పోతుంది. మా ఊరి చెరకు, అల్లం, ఆలుగడ్డ పట్నం చేరేది ఈ దారినే.

మూసాపేటకు రెండు ముఖాలున్నాయని నాకు అనిపిస్తుంది. ఒక ముఖం హైటెక్ సిటీ వైపు చూస్తుంది. 1998లో అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు ఈ చుట్టుపక్కల పాత పెంకుటిళ్ళ స్థలాలలో అంతస్తుల మేడలు లేచాయి. మా తమ్ముడి కొడుకు ఉద్యోగం అటువైపే. కైతలాపూర్ దగ్గర రైలు పట్టాల మీదుగా 2022లో వంతెన తెరిచిన తరువాత వాడి రాకపోకలు సులువయ్యాయి. రెండవ ముఖం భరత్‌నగర్, సనత్‌నగర్, బాలానగర్ వైపు చూస్తుంది. అది కర్మాగారాల వైపు, చేతి పనివాళ్ళ వైపు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఆ చుట్టుపక్కలే బస్సు బాడీలు, రెఫ్రిజిరేటర్లు, గడియారాలు తయారు చేసింది. మా జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ లారీల కర్మాగారం పెట్టినదీ ఆ సంస్థే. 1989లో అది మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. అందుచేత మూసాపేట పేరు వింటే మా ఊళ్ళో పెద్దవాళ్ళకు పరాయి చోటులా తోచదు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకొని గుమ్మంలోనే నిలబడి ఉంది. "నీ గడ్డం ఇంత తెల్లబడిందని నాకిప్పుడే తెలిసిందిరా" అని నవ్వింది. ఆ నవ్వు చూడగానే ఉదయం చెరకు ట్రాలీ గుర్తుకు వచ్చి నా గుండె కలుక్కుమంది. తిరిగి వెళ్ళేది రాత్రిపూట. ఇప్పుడు బండిలో ఆమె కూడా ఉంటుంది. భోజనానికి కూర్చోకుండానే బండి తీసుకొని బయలుదేరాను.

మొదట వెళ్ళిన చోట బానెట్ కూడా ఎత్తి చూడలేదు. "మోటారు పోయింది, మొత్తం మార్చాలి, ఏడెనిమిది వేలవుతుంది" అన్నారు. నాకు తెలియని సంగతి గనుక తల ఊపాను. కాని నా దగ్గర అంత డబ్బు లేదు. తమ్ముడు మరో సందులోని చిన్న షెడ్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడ అరవై దాటిన ఉస్తాద్ ఒకాయన స్టూలు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. బండి వైపు చూడకముందే నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

"గాలి ఎప్పటి సంది వస్తలేదు సార్?"

"ఈ రోజు నుండే."

"అంతకుముందు నాలుగు నంబర్ల మీదా తిరిగేదా?"

నేను కాస్త తడబడ్డాను. నిజానికి ఏడాదిగా ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద గాలి వచ్చేది కాదు. నాలుగో నంబరు మీద మాత్రమే వచ్చేది. వస్తోంది గదా అని ఊరుకున్నాను.

"మరి గప్పుడే చెప్పింది గదా సార్ బండి" అన్నాడాయన. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు.

ముందుగా ఫ్యూజు పెట్టె తెరిచాడు. బ్లోయరు ఫ్యూజు ఉండవలసిన చోట మెలితిప్పిన రాగి తీగ ముక్క ఉంది. ఆయన దానిని ఊడదీసి అరచేతిలో పెట్టుకొని నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ తీగ పెట్టినది నేనే. వానాకాలంలో ఫ్యూజు రెండుసార్లు కాలిపోతే, మాటిమాటికీ జహీరాబాదు పోలేక, ఇంట్లో ఉన్న తీగ చుట్టాను. అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయన పెట్టె మూత మీద రాసి ఉన్న ఆంపియర్ల ప్రకారం సరైన ఫ్యూజు పెట్టి మీట తిప్పాడు. కాసేపటికే అది కాలిపోయింది. "చూసిండ్రా? లోపల మోటారు తిరగలేక తిప్పలు పడుతున్నది. ఎక్కువ కరెంటు గుంజుతున్నది. గందుకే ఫ్యూజు తన పానం ఇచ్చి బండిని కాపాడుతున్నది. మీరు తీగ పెట్టి దాని నోరు మూసిండ్రు" అన్నాడు.

ఎడమ వైపు సీటు ముందు, డ్యాష్‌బోర్డు కింద పడుకొని మూడు స్క్రూలు విప్పి బ్లోయరును బయటికి తీశాడు. దానితోపాటు దోసెడు చెత్త రాలింది. వరిగడ్డి, కొరికిన పాత గుడ్డ పీలికలు, పల్లీ పొట్టు, ఎండిన చింతాకు. ఎలుక గూడు! మా బండి రాత్రిళ్ళు గడ్డివాము పక్కనే నిలుస్తుంది. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే జాలీ చిరిగి ఉండడం వల్ల ఎలుక అందులోంచి దూరింది. చుట్టూ మూగిన పిల్లలు నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు.

ఫ్యాను శుభ్రం చేసి, మోటారుకు బ్యాటరీ నుండి నేరుగా రెండు తీగలు ముట్టించాడు. కీచుమంటూ తిరిగింది. బుష్ దగ్గర రెండు చుక్కల నూనె వేసి, చేతితో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ ముట్టించాడు. ఈసారి చప్పుడు లేకుండా తిరిగింది. "మంచిగున్న మోటారును తీసి పారేసుడు ఎందుకు?" అన్నాడు.

తరువాత రెసిస్టర్ అనే చిన్న బిళ్ళను బయటికి తీసి చూపించాడు. దాని మీది సన్నని తీగ చుట్ట తెగిపోయి ఉంది. ఆయన చెప్పినది మన చదువరులకు కూడా పనికివస్తుందని వ్రాస్తున్నాను. తక్కువ వేగానికి తిప్పినప్పుడు కరెంటు ఈ బిళ్ళ గుండా పోతుంది. అది కొంత కరెంటును ఆపితేనే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది. అన్నిటికంటే పెద్ద వేగంలో కరెంటు దీనిని తప్పించుకొని నేరుగా మోటారుకు పోతుంది. అందుకని పెద్ద నంబరు మీద మాత్రమే గాలి వస్తుంటే, చాలా పాత బండ్లలో మోటారు బాగానే ఉన్నట్లు, ఈ బిళ్ళ పోయినట్లు లెక్క. ఈ బిళ్ళ బ్లోయరు గాలి తగిలి చల్లబడేలా అమర్చి ఉంటుంది. చెత్త అడ్డుపడి గాలి తగ్గితే అది వేడెక్కి కాలిపోతుంది. మా బండిలో జరిగినది అదే. దానికి తోడు నేను పెట్టిన తీగ వల్ల కరెంటుకు అదుపు లేక, ప్లగ్గు నల్లగా మాడి సగం కరిగింది. దాని పక్కనే ఎండు గడ్డి ఉంది. ఇంకెన్నాళ్ళు గడిచి ఉంటే ఏమై ఉండేదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

కుర్రవాడు స్పేర్ పార్ట్స్ దుకాణానికి పోయి కొత్త రెసిస్టర్, కొత్త ప్లగ్గు తెచ్చాడు. అవి బిగించి, చిరిగిన జాలీ మీద సన్నని ఇనుప వల అమర్చారు. చివరగా మీటరు పెట్టి మోటారు ఎంత కరెంటు తీసుకొంటోందో చూశాడు. అది ఫ్యూజు హద్దులోనే ఉందని నిర్ధారించుకొన్న తరువాతే డ్యాష్‌బోర్డు మూశాడు. మొత్తం ఖర్చు, కూలితో కలిపి, ముందటి చోట అడిగిన దానిలో ఐదవ వంతు కూడా కాలేదు.

ఉస్తాద్ చెప్పిన వరుస ఇది. అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు చూడాలి. తరువాత రిలే, స్విచ్చి, ప్లగ్గులు, ఎర్త్ తీగ చూడాలి. మోటారు ఆఖరున. గుద్దితే తిరిగి మళ్ళీ ఆగితే మోటారులోని కార్బన్లు అరిగి ఉండవచ్చు, లేదా ప్లగ్గు వదులై ఉండవచ్చు. టకటక చప్పుడు వస్తే లోపల ఆకో పుల్లో పడి ఉంటుంది. గాలి బాగా వస్తూ వేడి మాత్రం రాకపోతే అది బ్లోయరు తప్పు కాదు. ఇంజను చల్లారాక కూలెంట్ ఎంత ఉందో చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయనే కూడదు. కాలి కింద కార్పెట్టు తడిసి, తీపి వాసన వస్తుంటే హీటరు నుండి కూలెంట్ కారుతోందని గుర్తు. ఇక ఫ్యూజు స్థానంలో తీగ ఎన్నడూ పెట్టకూడదు. పెద్ద ఆంపియర్ల ఫ్యూజు పెట్టినా అదే ప్రమాదం.

అద్దం సంగతి కూడా చెప్పాడు. పొగబారినప్పుడు లోపలి గాలినే తిప్పే మీట ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టాలి. ఏసీ ఉన్న బండి అయితే హీటరుతోపాటు ఏసీ కూడా వేయాలి, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. వానాకాలంలో ఏసీ చల్లదనానికి అద్దం బయటి వైపు పొర కడితే తుడవవలసినది లోపల కాదు. అప్పుడు వైపర్ వేసి, ఏసీ చల్లదనం తగ్గించాలి.

డబ్బు ఇస్తూ, "మోటారు మార్చాలన్నా నేను ఒప్పుకొనేవాడినే ఉస్తాద్" అన్నాను. ఆయన నవ్వి, తన తండ్రి ఆల్విన్‌లో పనిచేశాడని చెప్పాడు. "మా బాబా ఒకటే చెప్పేటోడు సార్. ముందు అడుగు, తర్వాత చూడు, ఆఖరికి విప్పు అని." పై నుండి మెట్రో రైలు పోతున్న చప్పుడు ఆ షెడ్డులోకి వినిపించింది.

రాత్రి ఎనిమిదింటికి బయలుదేరాము. సంగారెడ్డి దాటాక మళ్ళీ చలి మొదలైంది. అద్దం అంచుల్లో తెల్లదనం కనబడగానే మీట రెండో నంబరుకు తిప్పాను. ఏడాది తరువాత మొదటిసారిగా రెండో నంబరు మీద గాలి వచ్చింది. వెచ్చగా, మెల్లగా. పొర కింది నుండి పైకి కరిగిపోయింది. కోహీర్ దరిదాపుల్లో దీపం లేని చెరకు ట్రాలీ మరొకటి కనబడింది. ఈసారి చాలా దూరం నుండే కనబడింది. మొదట చూసింది నేను కాదు, అమ్మ.

"అటు ఏదో ఉంది, మెల్లగా పోరా" అంది.

మరునాడు పొద్దున్నే బండిని గడ్డివాము దగ్గర నుండి తీసి వాకిట్లో నిలిపాను. ఆ రాగి తీగ ముక్కను ఉస్తాద్ దగ్గర అడిగి తెచ్చుకొన్నాను. అది ఇప్పుడు మా ఇంట్లో తాళపు చెవుల గుత్తికి కట్టి ఉంది.